అంచు విరిగిన కుంచం

నేను ఒక మట్టి కుంచాన్ని. గింజలు కొలవడం నా పని. గ్రీకు దేశంలో ఎల్యూసిస్ అనే ఊళ్లో ఒక కుమ్మరి నన్ను చేశాడు. మొదట ఒక ఉప్పు వర్తకుడి చేతికి వెళ్లాను. నా బుద్ధి తయారైంది అక్కడే. ఆయన నన్ను నింపి, అంచుకు మించింది పడిపోయేలా చెక్కతో ఒక్క గీత గీసేవాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇచ్చిందెంత, వచ్చిందెంత అని చూసుకోకుండా ఏ పనీ చేయకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ తర్వాత ట్రిప్టొలెమస్ నన్ను తీసుకున్నాడు. పంటల దేవత డెమెటర్ అతనికి వ్యవసాయం నేర్పి, రెక్కల పాములు లాగే రథం ఇచ్చి, లోకమంతా తిరిగి నేర్పమంది. ఊరూరా విత్తనం పంచడానికి కొలత కావాలి కదా. అలా నేను ఆకాశమెక్కాను. వర్తకుడి కంటితో చూస్తే అంత తెలివితక్కువ వ్యాపారం ఇంకొకటి లేదు. ఇవ్వడమే గాని పుచ్చుకోవడం లేదు. పైగా ఊరికే ఇచ్చేవాణ్ని మనుషులు నమ్మరు. అతను నిద్రపోతుంటే ఒక రాజు పొడవబోయాడు. ఇంకొకడు మా పాముల్లో ఒకదాన్ని చంపేశాడు.

పడమటి తీరాన ఉన్న పాట్రాస్‌లో మాత్రం ఎవరూ కత్తి తీయలేదు. అక్కడి రాజు యూమెలస్. రాజంటే కిరీటమేం లేదు, గొర్రెల కాపరుల ఇరవై గుడిసెలకు పెద్ద. అతను మా మాట విని నేల దున్నించాడు. నాతో ఆరు కుంచాల బార్లీ కొలిచి చల్లించాడు. ట్రిప్టొలెమస్ చెప్పాడు, పది రోజులు ఆగమని.

ఆగడం వాళ్లకు చేతకాని పని. గొర్రెపిల్ల పుట్టిన గంటకే లేచి నిలబడుతుంది. వాళ్లు చూసిన పుట్టుకంతా అదే. ఎనిమిదో రోజుకి కూడా నేల నల్లగానే ఉండేసరికి లైకస్ అనే కాపరి పొలం గట్టున నిలబడి యూమెలస్‌ను ఎగతాళి చేయడం మొదలుపెట్టాడు.

"ఏంది మావా, ఆ గింజలు మేకలకన్నా పెట్టకపోతివి! ఈ మట్టి ఎన్ని సోలల పాలిస్తదంట?"

"నవ్వు అల్లుడూ, నవ్వు. మొలిచినాక నీ చేతే కోయిస్తా."

"ఎల్లుండి దాకా చూస్తాం. ఆనక మా మందలు మేం తోలుకుపోతాం. ఇక్కడ గడ్డీ లేదు, నీ పంటా లేదు."

యూమెలస్ కొడుకు ఆంథియస్ ఇదంతా విన్నాడు. పదిహేడేళ్లవాడు. ఆ సాయంత్రం తండ్రి దగ్గరికొచ్చాడు.

"నాయనా, ఆ సామి మిగతా చోట్ల ఆకాశంలోంచి చల్లినాడంట. మన చేతనేమో నేల మీద నిలబడి చల్లించె. అందుకే మొలవలా."

"ఏడనుంచి చల్లినా గింజ గింజేరా. ఓపిక పట్టు."

"నీ ఓపిక చూసి నవ్వుతున్నారు నాయనా."

"నవ్వనీ. ఆకలి మీద అంటున్నారు, మంచోళ్లే."

మర్నాడు మధ్యాహ్నం ట్రిప్టొలెమస్ భోంచేసి నిద్రపోయాడు. ఆంథియస్ పాములకు కాడి కట్టాడు. నన్ను బార్లీతో నింపాడు. చెక్కతో అంచు సమంగా గీశాడు కూడా. దేవత పని కదా, కొలత తప్పకూడదనుకున్నాడేమో.

రథం లేచింది. ఒక చేతిలో నేను, ఒక చేతిలో పగ్గం. చేయి కొత్తదని పాములకు తెలిసిపోయింది. పొలం మీదికి రాగానే ఒక్కసారిగా పక్కకు మళ్లాయి. అతను పగ్గం వదిలేసి నన్ను రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. కాపరి బిడ్డ. జారిపోయే గొర్రెపిల్లను అలాగే పట్టుకుంటారు. నన్ను వదిలి రథం కమ్మి పట్టుకుని ఉంటే బతికేవాడు. మట్టి కుంచానికి నిండు ప్రాణం. నేను చూసిన బేరాలన్నిటిలో అంత తప్పు బేరం లేదు. వద్దని అరవడానికి నాకు గొంతు లేదు.

తండ్రి పొలంలోనే పడ్డాం. అతను వెల్లకిలా, నేను అతని గుండెల మీద. నాకు బొటనవేలంత అంచు మాత్రం విరిగింది.

యూమెలస్ పరుగెత్తుకొచ్చి కొడుకును పైకెత్తాడు. ఆ వీపు కింద నేల మీద, నలిగిపోయి, తెల్లటి మొలకలున్నాయి. ఆ పొద్దుటే మొలిచాయి. ఎవరూ వంగి చూడలేదు.

"మావా, నా నోరు పడిపోను," అంటూ లైకస్ అక్కడే కూలబడ్డాడు. యూమెలస్ ఒక చేత్తో కొడుకును పట్టుకుని, రెండో చేత్తో నలిగిన మొలకలను నిలబెట్టబోయాడు.

మందలు ఎటూ పోలేదు. ఆ చోటే ఊరు కట్టి, ఆంథియా అని కుర్రవాడి పేరు పెట్టారు. వెళ్లే ముందు ట్రిప్టొలెమస్ నన్ను చేతిలోకి తీసుకుని, "ఇది ఇక కొలతకు పనికిరాదు, కొత్తది పంపిస్తాను," అన్నాడు.

"వద్దు సామీ. ఇదే ఉండనీ," అన్నాడు యూమెలస్.

మొదటి పంట నాతోనే కొలిచారు. నింపిన ప్రతిసారీ విరిగిన చోటు నుంచి పిడికెడు గింజలు నేల మీదికి జారాయి. లైకస్ వంగి ఎత్తబోయాడు.

"ఉండనీ అల్లుడూ. అది వాడిది."

ఆ తర్వాత ఏ పంటకూ ఆ పిడికెడు ఎవరూ ఎత్తలేదు. పిచ్చుకలు తినేవి. కొలిచేటప్పుడు యూమెలస్ బొటనవేలు ఎప్పుడూ ఆ విరుపు మీదే ఉండేది. ఉప్పు వర్తకుడు చూస్తే దొంగ కుంచమని నన్ను రాయికేసి కొట్టేవాడు. నాకు మాత్రం ఆ పిడికెడు తగ్గించి కొలిచిన రోజుల్లోనే సరిగ్గా కొలిచాననిపించేది. యూమెలస్ పోయినప్పుడు నన్ను అతని తల దగ్గర పెట్టి పూడ్చారు.

ఎన్ని వేల ఏళ్లో మట్టిలో ఉన్నాను. తవ్వి తీసి మ్యూజియానికి తెచ్చారు. అక్కడొక అమ్మాయి, మెత్తటి చేతులు, నెల రోజులు నా మీద కష్టపడింది. కుంచెతో మట్టి దులిపింది. విరిగిన చోట సున్నపు ముద్ద పెట్టి, ఆరనిచ్చి, నా రంగే వేసింది.

"ఎక్కడ విరిగిందో చెప్పండి చూద్దాం సార్!" అంది పై అధికారితో.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చుట్టూ తిప్పి చూశాడు. "కనిపెట్టలేకపోతున్నానమ్మా. భలే కుదిర్చావు."

ఆమె ముఖం వెలిగిపోయింది. ఆమె తప్పేం లేదు, పని చక్కగా చేసింది. ఇప్పుడు గాజు పెట్టెలో ఉన్నాను. ఎవరైనా నాలో బార్లీ పోస్తే అంచుదాకా నిలుస్తుంది. ఒక్క గింజ జారదు. నిండు కొలత.

వాడికి ఆ పిడికెడు మిగల్లేదు.