లెక్కలోకి రాని చేతులు

"కాలరు ఇంకాస్త గట్టిగా నొక్కు. రేపు స్టేజి మీద నేనే" అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆమె ఇస్త్రీపెట్టె ఆనించి నొక్కింది. చేపల వేట మీద పరిశోధన చేసే సంస్థలో ఇద్దరిదీ ఒకే విభాగం. ఏ కంపెనీ బోట్లు తక్కువ డీజిలుతో, తక్కువ మనుషులతో ఎక్కువ చేపలు తెస్తున్నాయో చూసి, సామర్థ్యానికి ర్యాంకులిచ్చి, మొదటి ర్యాంకుకి ఏటా సభ పెట్టి బహుమతి ఇవ్వడం వాళ్ళ పని. లెక్కలు కట్టేది ఆమె. విభాగానికి పెద్ద ఆయన, అందుకని స్టేజి ఎక్కేదీ ఆయనే. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అన్నారా. ప్రసంగం కూడా ఆమే రాసిచ్చింది.

ఈసారి మొదటి ర్యాంకు నీలం బోట్ల కంపెనీకి వచ్చింది. నమ్మబుద్ధి కాక ఆమె రేవుకు వెళ్ళి చూసింది. మిగతా కంపెనీలు వలలు బాగుచెయ్యడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాయి, వాళ్ళంతా లెక్కలో ఉన్నారు. నీలం బోట్ల వలలు మాత్రం ఒడ్డున కూర్చుని కళాసీల పెళ్ళాలు కుడుతున్నారు. కూలెంత ఇస్తారని అడిగింది.

"కూలేంటమ్మా. మీ ఆయన బోటే కదా అంటారు. కుట్టకపోతే ఆయన్ని ఎక్కించుకోరు" అంది ఒకావిడ, దారం పళ్ళతో తెంపుతూ.

ఆ చేతుల్ని కూడా కలిపి లెక్క వేస్తే మొదటి ర్యాంకు కాస్తా అట్టడుక్కి జారింది.

అది చూపిస్తే ఇందాక భర్త నవ్వాడు. "ఇంటి ఆడవాళ్ళు చేసేది సాయం. సాయాన్ని పనంటావేంటి? తీసెయ్. బహుమతి ఆ కంపెనీకే అని చెప్పేశాను." పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "వాడి మాట విను. అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నాడు పాపం."

ఒంటిచేత్తోనట. ఇక్కడున్న పుల్ల తీసి అవతల పెట్టని మనిషి. లేచేసరికి కాఫీ, స్నానానికి తువ్వాలు, బూట్లలో మేజోళ్ళు, సంచీలో అన్నం డబ్బా, అన్నీ వాటంతటవే నడిచొస్తాయనుకుంటాడు. ఎప్పుడూ ఆలస్యం కాడని ఆఫీసులో ఆయన్ని గడియారం అంటారు. కీ ఇచ్చేదెవరని ఒక్కరూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఈయన్ని సమర్థుడనుకున్నందుకు ఆమెకు ఒళ్ళు మండింది. నీలం బోటుకీ ఈయనకీ తేడా ఏముంది, ఆ బోటు చేపలైనా తెస్తుంది.

"సరే, తీసేస్తాను" అంది. ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి వెళ్ళి పడుకుంది.

తెల్లారాక ఇల్లంతా కేకలు. చొక్కాకి కాలరొక్కటే ఇస్త్రీ అయి ఉంది. మేజోళ్ళు లేవు, డబ్బా లేదు, ప్రసంగం కాగితాలు లేవు. అవి ఆమె సంచీలో ఉన్నాయి, ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళ లెక్కతో సహా. ఆమె గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"ఏంటిది, ఒక్కటీ కనపడదే?"

"సాయం తీసెయ్యమన్నారు కదండీ, తీసేశాను" అంది. "అది లెక్కలోది కాదుగా. లేకపోయినా మీ ర్యాంకుకేం కాదులెండి."