దుబాసీ కొడుకు

మా కోడలిని ఆ పిల్ల సొంత భాషలోనే పొమ్మని చెప్పాలని నేను పరాయి భాష నేర్చుకున్నాను. జ్ఞానం కోసం కాదు, నలుగురిలో గొప్ప కోసం కాదు. నేను తిట్టే తిట్టును మధ్యలో ఎవరూ కడిగి ఆరేయకుండా, వేడి వేడిగా, నేరుగా ఆ పిల్ల చెవిలో పడెయ్యాలి. అంతకు మించి ఆ భాషతో నాకేం పని లేదు.

మాది కుట్టు దుకాణం. ముందు గదిలో నిలువుటద్దం, కొలతలు తీసుకునే చోటు. వెనక గదిలో కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీ పెట్టె. దాని వెనకే మా కాపురం. మా ఆయన పోయాక దీన్ని ఒంటిచేత్తో నిలబెట్టాను. హోటళ్లకూ ఆఫీసులకూ యూనిఫారం కోట్లు కుడతాను. నా నోరు మంచిది కాదని చుట్టుపక్కల పేరుంది. నా కుట్టు మంచిదన్న పేరూ ఉంది. రెండో పేరు ఉంది కాబట్టి మొదటిదాన్ని జనం భరిస్తున్నారు.

మావాడు గుండీలు, జిప్పులు అమ్మే కంపెనీలో పని చేస్తాడు. ఆ పని మీద పరాయి దేశం వెళ్లి, అక్కడి బట్టల ఫ్యాక్టరీలో కత్తిరింపు చేసే పిల్లను పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పే అవకాశం ఇస్తే కదా చెప్పడానికి. వచ్చి వారం తిరగకముందే ఆ పిల్ల నా బల్ల దగ్గర నా కత్తెర పట్టుకుని నిలబడింది. నా చూపు ఈమధ్య సుద్దగీత మీద సరిగా ఆనడం లేదన్న మాట నిజమే. అయినా నన్నొక మాట అడగద్దా?

"అడిగిందమ్మా. నువ్వు తల ఊపావు కూడా," అన్నాడు మావాడు.

నేను ఊపలేదు. మెడ పట్టేస్తే తిప్పుకున్నాను.

అప్పట్నించీ ఇద్దరి మధ్యా మావాడే దుబాసీ. పొద్దున పనిలోకి వెళ్లేముందు కాసేపు, సాయంత్రం వచ్చాక కాసేపు మా మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేవాడు. నేను పది మాటలంటే వాడు రెండు మాటల్లో ముగించేవాడు. ఆ రెండు మాటలకే ఆ పిల్ల మొహం విచ్చుకునేది. గుండె మీద చెయ్యి పెట్టుకుని నా వైపు వంగేది. అది చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. తిడుతుంటే నవ్వే మనిషిని ఏం చేస్తాం?

అసలు తగువు కుట్టు లోపలి గుడ్డ గురించి. మా దుకాణంలో ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ల గుడ్డ వదలాలి. హోటలు కోటు ఒక మనిషిది కాదు. ఈ ఏడు సన్నటివాడు తొడుక్కుంటాడు, వచ్చే ఏడు వాడు మానేస్తే బొజ్జ ఉన్నవాడు వస్తాడు. లోపల గుడ్డ ఉంటే విప్పి వదులు చేస్తాం. లేకపోతే కోటు పారేసుకోవలసిందే. ఆ పిల్ల మాత్రం గీత పక్కనే, గోరంత గుడ్డ వదిలి కోసేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ముచ్చటను ఎవడికి తొడుగుతాం?

"ఒరేయ్, లోపల రెండు వేళ్లు వదలమని చెప్పు. ఇది కోతా, గుండు గీసుకోవడమా అని అడుగు," అన్నాను మావాడితో.

వాడు గొంతు సవరించుకుని ఏదో చెప్పాడు. ఆ పిల్ల సిగ్గుపడింది. మర్నాడు మళ్లీ గోరంతే వదిలింది. ఇంకోసారి చెప్పించాను. ఇంకా సిగ్గుపడింది. ఇది తెలియనితనం కాదు, పొగరని తేల్చుకున్నాను. నన్ను వెక్కిరించడానికే నవ్వుతోందని తేల్చుకున్నాను. పైగా వాడు అటునుంచి తెచ్చే మాటలేమో, 'అత్తగారి చెయ్యి బంగారం అంటోందమ్మా', 'ఈ గది తనకు గుడిలా ఉందంటోందమ్మా' అని. ఇంత కపటం ఎవరికైనా ఎందుకు నచ్చుతుంది? పొగిడి నెత్తినెక్కే రకాన్ని నేను గుమ్మంలోనే గుర్తుపడతాను.

పెద్ద హోటలు ఒకటి యాభై యూనిఫారం కోట్లు కుట్టమంది. ఈ కోట్లు అయిపోగానే ఈ పిల్లను బల్ల దగ్గర్నించి లేపెయ్యాలని నిశ్చయించుకున్నాను. మావాడి చేత చెప్పిస్తే మళ్లీ సిగ్గుపడి వంగి దణ్ణం పెడుతుంది. నేనే చెప్పాలి. అందుకని రిసెప్షనక్కను పట్టుకున్నాను.

రిసెప్షనక్క మా పై అంతస్తులో ఉంటుంది. బతుకంతా ఒక పెద్ద హోటల్లో గల్లా పక్కన నిలబడి, వచ్చినవాళ్లకు తాళాలిచ్చి రిటైరైంది. కోడలి దేశం వాళ్లు ఆ హోటలుకు గుంపులుగా వచ్చేవారట.

"అక్కా, నాకా భాష నేర్పు. కోడల్ని తిట్టాలి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఆలోచించింది.

"నేను ఆ భాషలో ఎవర్నీ తిట్టలేదు టైలరమ్మా. తిడితే ఉద్యోగం ఊడేది. కానీ బోలెడు తిట్లు తిన్నాను. అవి మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. కావాలంటే అవే చెప్తాను."

నాకు కావలసిందీ అవేనన్నాను. మధ్యాహ్నాలు కోడలు నడుం వాల్చే వేళ పైకెళ్లి నేర్చుకునేదాన్ని. 'ఇది పనికిరాదు', 'ఇలాంటిది నేనెక్కడా చూడలేదు', 'నన్నేమనుకుంటున్నారు', 'ఈ క్షణమే సర్దుకుని వెళ్లిపోతున్నాను', 'మీకు కళ్లు లేవా'. ఆవిడ చెప్పేటప్పుడు ఒక్కో మాట వెనకా ఒక్కో మనిషి ఉండేవాడు. ఫలానా గదిలో నీళ్లు రానివాడు, ఫలానా మంచం మెత్తగా లేనివాడు. వాళ్ల కోపం అంతా ఆవిడ దాచిపెట్టి నాకు పంచింది. మధ్యలో గుడ్డ, గుడి, బంగారం, మొగుడు లాంటి చిల్లర మాటలూ నాకు అంటుకున్నాయి. పళ్లు రాలే వయసులో నాలుక తిప్పడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. అయినా మానలేదు. ద్వేషానికి ఓపిక ఎక్కువ.

కోట్లు అప్పజెప్పిన మర్నాడే సాయంత్రం ఆ హోటలు స్టోరు చూసే ఆయన మూటతో వచ్చి బల్ల మీద పడేశాడు.

"సగం కోట్లు పట్టటం లేదమ్మా. చేతులు పైకెత్తితే చంకల్లో చిరుగుతున్నాయి. లోపల గుడ్డ ఉంటుంది కదా, వదులు చేసివ్వండి," అని వెళ్లిపోయాడు.

పైనున్న కోటును తిరగేసి చూశాను. లోపల ఏముంది వదులు చెయ్యడానికి, గోరంత గుడ్డ. నా దుకాణం నుంచి వెళ్లిన బట్ట మూటలో వెనక్కి రావడం అదే మొదలు. అవమానంతో నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఇస్త్రీ చేస్తున్న కోడలి దగ్గరికి ఆ కోటు పట్టుకుని వెళ్లాను. మావాడు ఇంకా కంపెనీ నుంచి రాలేదు. మధ్యలో ఎవరూ లేరు.

"ఇది పనికిరాదు," అన్నాను ఆ పిల్ల భాషలో.

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది.

"ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. మీకు కళ్లు లేవా? మీ మేనేజర్ని పిలవండి."

ఆ చివరి మాట నోరు దాటాక గాని నాకు తట్టలేదు, ఈ దుకాణానికి మేనేజర్ని నేనేనని. కానీ వెనక్కి తీసుకోలేదు. నా కోపం నాకు ముఖ్యం.

కోడలు నన్ను ఎగాదిగా చూసింది. ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. ఆ తర్వాత ఆ పిల్ల అన్నవి ఆ భాషలోని మర్యాదలు తెలియక నాకు వినిపించినట్టే చెబుతున్నాను.

"నీకు మా భాష వచ్చా?"

"తిట్టేంత వచ్చు."

కోటు తిరగేసి, రెండు వేళ్లు ఆనించి చూపించాను. "గుడ్డ ఏది? రెండు వేళ్లు. రోజూ చెప్పాను."

"నువ్వు ఎప్పుడు చెప్పావు?"

"రోజూ. నీ మొగుడు చెప్పాడు."

ఆ పిల్ల మొహంలో రంగు మారింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, మావాడి గొంతును అచ్చంగా దింపేస్తూ అంది. "'మా అమ్మకు నీ కత్తిరింపు చాలా నచ్చింది.' ఇదే. రోజూ ఇదే చెప్పాడు."

వచ్చిననాటి నుంచీ నేను తిట్టిన తిట్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎంత వెతికి, ఎంత పదును పెట్టి తిట్టినవి. ఒక్కటీ చేరలేదు.

"నువ్వేం చెప్పావు? బంగారం చెయ్యి. గుడి," అన్నాను వచ్చిన మాటలతో.

"గుడా?" ఆ పిల్ల గొంతు లేచింది. బల్ల మీద దబదబా కొట్టి, నడుం పట్టుకుని చూపించింది. బల్ల ఎత్తు ఎక్కువట, వంగలేక నిక్కలేక నడుం విరుగుతోందట. దీపం తప్పువైపు ఉందట, గీత మీద తన నీడే పడుతుందట. నేను గీసే గీత వంకరట, నేను పడుకున్నాక తను చెరిపి మళ్లీ గీస్తోందట. ఇవన్నీ నాకు చెప్పమని మొగుడికి చెప్పీ చెప్పీ విసిగిపోయిందట. చెప్పినా కదలని అత్తను రాయి అనుకుందట.

నా గీత వంకరా? ఒళ్లు మండిపోయింది. ఇద్దరం గొంతు పెంచాం. నేను హోటలువాళ్ల తిట్లన్నీ వరసగా వాడేశాను. మంచం గట్టిగా ఉందన్నాను, నీళ్లు రావడం లేదన్నాను. ఆ పిల్ల వేగంగా ఏవేవో అంది. జీతానికి మిషను కుట్టే మనిషి పని ఆపి బయటికి నడిచింది. ఇంతకాలం ఒకే గదిలో ఉండి మేమిద్దరం మొట్టమొదటిసారి మాట్లాడుకుంటున్నాం.

ఆ సమయంలో మావాడు వచ్చాడు. గుమ్మంలోనే పరిస్థితి అర్థమై తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"అమ్మా, తను సారీ చెప్తోంది," అన్నాడు.

"నోరు ముయ్యి," అన్నాను.

కోడలు కూడా వాడి వైపు తిరిగి ఏదో అంది. ఆ మాట అక్క నేర్పలేదు గాని, నాకు అర్థమైంది.

"గొడవలెందుకని అలా చెప్పానమ్మా," అన్నాడు వాడు, నేల చూపులు చూస్తూ. "మీరిద్దరూ కలిసుండాలనే కదా."

చిన్నప్పుడు నేనూ వాళ్ల నాన్నా అరుచుకుంటుంటే వీడు బట్టల తానుల వెనక నక్కేవాడు. జాలిపడి ఊరుకునేదాన్ని. ఇప్పుడు జాలి కలగలేదు. వీడు తియ్యగా కలిపిన అబద్ధం వల్ల ఒక పిల్లకు నడుం పోయింది, నాకు పేరు పోయింది. నా కడుపున పుట్టినవాడి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

కోడలు మేకుకు తగిలించిన సంచి తీసుకుంది. అందులో తన కత్తెర, టేపు వేసుకుంది. ఆ పిల్ల అన్నదాంట్లో 'ఫ్యాక్టరీ', 'రేపు' అన్న రెండు మాటలు నాకు తెలిశాయి.

"ఏమంటోంది?" అన్నాను మావాడితో, తప్పక.

"రెడీమేడ్ ఫ్యాక్టరీలో కత్తిరింపు పని ఇస్తామన్నారమ్మా. నెల కిందటే. రేపట్నించి అక్కడికి పోతానంటోంది. నేనే నీకు చెప్పలేదు." ఇది నిజమే అయి ఉండాలి. చెప్పేటప్పుడు వాడి మొహం మాడిపోయింది.

పోతోంది. నేను కోరుకున్నదే. పొమ్మని నేను ఒక్క మాట అననక్కర లేకుండానే పోతోంది. కానీ సంతోషం కలగలేదు. ఆ పిల్ల భుజం కోత ఎంత బాగుంటుందో నేను ఇన్నాళ్లూ చూశాను, చూసి ఎవరికీ చెప్పలేదు. నా గీత వంకరని నా మొహం మీద చెప్పిన మనిషి ఈ దుకాణంలో ఇంతవరకూ మరొకరు లేరు. పోనివ్వడం నాకు ఇష్టం లేదు.

ఆ సంగతి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. వెతికాను. సర్దుకుని పోతానని అరిచే మాటుంది, మేనేజర్ని పిలిచే మాటుంది. ఉండమని అడిగే మాట లేదు. హోటలు గదికి వచ్చినవాడు గల్లా దగ్గర మనిషిని ఉండమని ఎందుకు అడుగుతాడు? నేను నేర్చుకున్నదంతా తలుపులు వేసే భాష.

మావాడు నా మొహం చూసి ఒక అడుగు ముందుకేశాడు. "నేను చెప్పనా అమ్మా?"

"నువ్వు మాట్లాడావంటే కత్తెరతో నీ నాలుక కోస్తాను," అన్నాను.

కోడలు గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చివరి మాటగా పొడుగ్గా ఏదో అంది. వేగంగా అంది. నా కళ్ల వైపు, బల్ల వైపు, దీపం వైపు వేలు చూపించి అంది. నాకు సగం కూడా అందలేదు. మంచి మాటలు కావని మాత్రం తెలుస్తోంది.

స్టూలు లాక్కుని కూచున్నాను. పాఠాల్లో రిసెప్షనక్కతో నేను రోజూ ఆ భాషలోనే అనే మాట ఒకటుంది. అది తిట్టు కాదు, అందుకే ఇంతసేపూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"మళ్లీ చెప్పు," అన్నాను. "మెల్లగా."

కోడలు మావాడి వైపు చూడలేదు. సంచి భుజం మీదే ఉంచుకుని గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వచ్చింది. మొదటి తిట్టు దగ్గర్నించి మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కో మాటా విడివిడిగా, నా పెదవులు దాన్ని పలికేదాకా ఆగి, ఏమాత్రం కోపం తగ్గకుండా చెప్పసాగింది.