నోలీ చదివిన వాక్యం

ప్రతి తరగతి గదిలో బైబిల్లోని పది ఆజ్ఞలు తగిలించాలని చట్టం వచ్చిన నెలకల్లా, అమెరికాలో లూసియానాలోని ఆ సర్కారు బడికి ఆ పటాలు వచ్చాయి, గదికొకటి. రెండో తరగతి టీచర్ ఒరీలియా తన గదిలో బోర్డు పక్కనే తగిలించింది. దేవుడి మాటే కదా, ఎవరికేం నష్టం అనుకుంది పిచ్చితల్లి.

మర్నాడు పదింటికి నోలీ లేచి నిలబడింది. ఏడేళ్ల పిల్ల. చేరి మూడు నెలలైనా నోరు విప్పలేదు, అక్షరం ముక్క రాదు. అలాంటిది, తల్లిదండ్రులను గౌరవించమనే వాక్యాన్ని గడగడా చదివేసింది. గొంతు మాత్రం నలభై ఏళ్ల మగాడిది. మధ్యలో రెండుసార్లు దగ్గింది కూడా.

పిల్లలు పకపకా నవ్వారు. రెండోరోజూ అదే వేళకి లేచి చదివేసరికి ఎవరూ నవ్వలేదు. మూడోరోజు ఒరీలియా ఆ పటాన్ని ఓ దుప్పటితో కప్పేసింది. నోలీ దుప్పటి వైపు చూస్తూనే పొల్లుపోకుండా చదివింది.

ఆ సాయంత్రం పిల్లల కోసం వచ్చిన కార్ల వరసలో ఒకాయన అద్దం దించాడు.

"క్లోవిస్‌ని, నోలీ వాళ్ల నాన్నని. మా పిల్ల బుద్ధిగా ఉంటోందా టీచర్?" అని దగ్గాడు.

అదే గొంతు. అదే దగ్గు. కారు తలుపు కోసం చెయ్యి చాచిన నోలీ చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం కమిలిపోయి ఉంది, వేళ్ల అచ్చులతో సహా.

"పుస్తకం మర్చిపోయింది, ఇప్పుడే తెస్తాం" అని అబద్ధమాడి, ఒరీలియా పిల్లని ఆఫీసులోకి లాక్కుపోయింది.

ప్రిన్సిపాల్ ట్రాహాన్ ఆ చెయ్యి చూసి ముఖం తిప్పుకుంది. "ఆ పటాలన్నీ ఇచ్చింది ఈ పిల్ల తండ్రే ఒరీలియా. చర్చి పెద్ద. ఏ తలుపో తగిలుంటుంది. నీ ఉద్యోగం సంగతి చూసుకోమ్మా."

"తలుపుకి వేళ్లుంటాయా మేడమ్?"

ఆవిడ విసురుగా బయటికి వెళ్లిపోయింది. ఒరీలియా పిల్లల రక్షణ ఆఫీసుకి ఫోన్ చేసింది. బయట హారన్ మోగుతూనే ఉంది.

"తండ్రి పేరు చెప్పండి" అన్నారు అవతల.

"ఫోను పెట్టెయ్యి టీచర్" అంది వెనక ఆ మగగొంతు.

గదిలో నోలీ తప్ప ఎవరూ లేరు. అయినా ఒరీలియా పేరు చెప్పేసింది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

హారన్ ఆగింది. చిన్న చెయ్యి వచ్చి ఆమె గౌను పట్టుకుంది.

"ఇవాళ ఇంటికి వెళ్లక్కర్లేదా టీచర్?"

సన్నటి గొంతు, ఆడపిల్లది. ఒరీలియా వినడం అదే మొదటిసారి.