మీసం లేని మొగుడు

కోవిల్పట్టి టీకొట్టులో సోలైమలై నోరు మూసుకుని ఉంటే దామోదరసామి ఆ సినిమాకు పోయేవాడే కాదు.

"ఏం అణ్ణాచ్చీ, మీ ఇంటావిడ చెప్పిన కథ సినిమా అయిందంటనే! కడసీలో, ఆఖర్న, మొగుణ్ణి వదిలేసి మబ్బు వెంట పోతుందంట. అట్లాంటి కథలేనా మీ ఇంట్లో చెప్పుకునేది?"

బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు. దామోదరసామి సగం టీ వదిలేసి లేచాడు. మధ్యాహ్నం ఆటకు టికెట్టు కొన్నాడు.

తెర మీద మొదటే అక్షరాలు పడ్డాయి: 'ఈ కథ చెప్పిన మా పొన్నమ్మాళ్ పెద్దమ్మకు.' అతని భార్య పొన్నమ్మాళ్ పోయి పదకొండేళ్లు. ఆ అక్షరాలు పెట్టించింది ఆమె చెల్లెలి కూతురు వాసుకి. ప్లస్ టూ అయ్యాక రెండేళ్లు అగ్గిపెట్టెలు తయారుచేసే ఆపీసులో పెద్దమ్మ పక్కన కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చింది. తర్వాత చదువుకుని విరుదునగర్‌లో కాలేజీ టీచరయింది. ఆపీసులో పెద్దమ్మ నోట విన్న కథను అరవంలో నవలగా రాసింది. దాన్ని ఎవరో సినిమా తీశారు.

కథ ఇంతే. వాన లేని కరిసల్ నేలలో, ఆ నల్లరేగడిలో, ఒక ఆడమనిషి. ఆమె మొగుడు ఇంట్లో నోరు విప్పడు. పత్తి చేలో ఆమెను చూసి మబ్బుదొర మనసు పడి పైకి తీసుకుపోతాడు. ఏడు రోజుల్లోపల దిగి వస్తే సరి, లేకపోతే ఇక దిగడానికి ఉండదు. ఏడో రోజు ఆమె మొగుడి దగ్గరికి వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లుగా దామోదరసామికి తెలిసిన కథ అది.

తెర మీద ఆమె రాలేదు.

అంతేనా? పొన్నమ్మాళ్ కథలో మబ్బుదొరకు ఒళ్లే లేదు. తడిసిన మన్ను వాసన, అంతే. ఇక్కడ వాడికి ఆరడుగుల ఒళ్లు, నీలం కళ్లు, తెల్ల గుర్రం. వాడి కన్నీళ్లు వెండి బొట్లయి మెల్లగా, ఎంతకీ నేల తాకకుండా రాలాయి. అంత వానలోనూ పిల్ల జుట్టు తడవలేదు. మొగుడికి మాత్రం చెవుల దాకా మీసం పెట్టారు. వాడు గుడ్లురిమి అన్నం తిని, తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటే, హాలంతా 'ఛీ' అంది. దామోదరసామి తన కుడిచేతిని పంచె మడతలో దాచుకున్నాడు. చీకట్లో ఎవరూ చూడరని తెలిసీ దాచుకున్నాడు.

ఇంకొకటి కూడా గమనించాడు. మూడు వందల మంది ఉన్నారు, ఒక్కడూ ఊ కొట్టలేదు. తమ తెలుగు ఇళ్లలో కథ చెబితే ఎదుట ఊ కొట్టేవాళ్లు ఉండాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. సినిమా మాత్రం ఎవరి ఊ కోసమూ ఆగకుండా పోతూనే ఉంది.

ఆదివారం విరుదునగర్ కల్యాణ మండపంలో వాసుకికి సన్మానమని పేపర్లో పడింది. పొద్దున్నే బస్సెక్కాడు. సాత్తూరు దాటేసరికి అడగాల్సింది సిద్ధం చేసుకున్నాడు. కడపటి ముక్క నువ్వు అల్లిందని మైకులో చెప్పు. పొన్నమ్మాళ్ చెప్పలేదని చెప్పు. పోయిన మనిషి పేరు మీద ఆ పోకడ అంటించొద్దు. ఇంతే. దండలు, శాలువాలు ఆమెకే ఉండనీ.

మండపంలో వాసుకి పట్టుచీరలో మాట్లాడుతూ ఉంది. "నవల్లో మబ్బుదొరకు మొహం లేదు. సినిమాకు మొహం కావాలి, లేకపోతే జనం ఎవరిని ప్రేమిస్తారు? అట్లాగే పక్కన ఒక చెడ్డవాడు లేకపోతే మంచివాడు మంచివాడని తెలియదు. అందుకే మొగుడికి మీసం వచ్చింది." జనం నవ్వి చప్పట్లు కొట్టారు.

దామోదరసామి లేచి నిలబడ్డాడు. "ఒక మాట అడగాల" అని అరవంలోనే మొదలుపెట్టాడు. కోపం గొంతులోకి వచ్చేసరికి ఇంటి మాట బయటపడింది. అరవై ఏళ్లలో గడప దాటి నలుగురిలో తెలుగు మాట్లాడడం అదే మొదలు.

"వాసుకీ! మీ పెద్దమ్మ మొగుణ్ణి వదిలేసి పోయే కథ చెప్పినాదా? ఎవురికి చెప్పినాది? నాకు చెప్పిన కథలో ఆ పిల్ల తిరిగొచ్చినాది!"

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. వాసుకికి అయింది. మైకు పక్కకు జరిపి ఆమె కూడా తెలుగులోనే అంది: "పెదనాయనా, రండి, కూర్చోండి. తర్వాత మాట్లాడుకుందాం."

"కూర్చోను. చెప్పు."

"ఆపీసులో మాకు చెప్పినాది. ఇరవై మంది ఊ కొడతా ఉండినాం. ప్రతిసారీ ఆ పిల్ల పోయినాది. ఒక్కసారి గూడా రాలే."

"అబద్ధం. ఇంట్లో చెప్పినప్పుడు వచ్చినాది."

"తన నోటితో చెప్పినాదా పెద్దమ్మ, వచ్చినాదని?"

"చెప్పకుండా! నేను అన్నం తింటా ఉంటే చెప్పేది. నడమ ఆపేసేది. నేను, 'మల్లా మొగుడి దగ్గరికే వచ్చినాది గదా, అంతే గదా' అంటే, 'ఊ' అన్నాది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు..."

తిరిగొచ్చిందన్నది తనే, ఆమె ఊ అంది, అంతే.

ఊ అనేది చెప్పేవాళ్లు కాదు, వినేవాళ్లు.

వాసుకి తల దించుకుంది. ఆమె ఏదో ఒకటి అనుంటే దామోదరసామికి తిట్టే వీలుండేది. ఆమె జాలి పడడమే అతనికి ఒళ్లు మండించింది. ఎన్నడైనా తను ఊ కొట్టాడా అని వెతుక్కున్నాడు. దొరకలేదు. అందుకే కదా నడమ ఆపేసేది. ఆపేసి, ఊ అని, కంచం ఎత్తుకుపోయేది.

సభ నడిపే రామ్‌కుమార్ అరవంలో అడిగాడు: "ఏం చెబుతున్నారు మేడం, పెద్దాయన?"

"మా పెద్దనాన్నగారు. ఆశీర్వదిస్తున్నారు" అంది వాసుకి.

"అబద్ధాలు ఆడకు" అని దామోదరసామి మెట్లెక్కి పోయి మైకు లాక్కున్నాడు. అరవంలో, నీళ్లు పోసినంత తేటగా చెప్పాడు:

"ఆ కథ చెప్పిన పొన్నమ్మాళ్‌కు నేను మొగుణ్ణి. కడసీ సరిగ్గానే తీశారు. ఆమె చెప్పింది అదే. ఒక్కటి తప్పు. ఆ మీసం తీసెయ్యండి. నాకు ఎప్పుడూ మీసం లేదు."

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. చప్పట్లు కూడా పడ్డాయి. అతను మైకు బల్ల మీద పడేసి దిగి వచ్చేశాడు.

వాసుకి చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది. "పెదనాయనా, ఇంటికొచ్చి ఒక ముద్ద తిని పోండి."

"నీ ఇంట్లో నేను తినను."

"నేనేం తప్పు చేస్తిని?"

"నువ్వు విన్నావు గదా. అదే."

కోవిల్పట్టిలో ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతూ ఉంది. పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. చెంబు ఎత్తాడు. పెరట్లో కుళాయి పది అడుగుల దూరంలో ఉంది. ఒకసారి అటు చూశాడు.

కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. మెతుకులు నీళ్లలో తేలాయి. తర్వాత లేచి, పదకొండేళ్లుగా చేస్తున్నట్టే, ఆ కంచాన్ని తనే ఎత్తుకుని తోముకోవడానికి పెరట్లోకి పోయాడు.