సేవ కింద రాసిన శనివారాలు

ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న పిల్ల ఏడవడం లేదు. దర్జీ కూతురు, పన్నెండేళ్లది. ఊరి స్కౌటు దళంలో ముడులు వేయడంలో దాన్ని మించినవాళ్లు లేరు. ఇప్పుడు కుడిచేతి రెండు వేళ్లకు లావుపాటి కట్టు.

"ఎలా తగిలిందే?" అని అడిగింది పోస్టక్క.

పిల్ల గుమ్మంలో నిలబడ్డ కలప మిల్లు యజమాని వైపు ఒకసారి చూసి, "ఆటలో పడ్డాను" అంది.

పోస్టక్క దాని రెండో చెయ్యి పట్టుకుని చూసింది. గోళ్ల నిండా రంపపు పొట్టు. ఆటస్థలంలో రంపపు పొట్టు ఎక్కడిది?

ఊళ్లో ఉత్తరాలు పంచే ఉద్యోగం కాబట్టి ఆమె అందరికీ పోస్టక్క. దళాన్ని నడిపే డ్రిల్లు మాస్టారు ఏడాది కిందట బదిలీ మీద వెళ్లిపోయారు. పెద్దవాళ్లెవరూ ముందుకు రాకపోతే దళం మూసేస్తామని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం మోసుకొచ్చి ఇచ్చిందీ ఆమే. అప్పుడు దళంలోనే ఉన్న చెల్లెలి కూతురు వెంటపడింది. "పెద్దమ్మా, నువ్వు చెయ్యవే. రోజూ ఊరంతా సైకిలు తొక్కుతావు, కుక్కలు కూడా నిన్ను చూసి పక్కకి తప్పుకుంటాయి" అంది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఒప్పేసుకుంది.

స్కార్ఫు కట్టుకోవడం కూడా పిల్లల దగ్గరే నేర్చుకుంది. తాడు ముడులు నేర్పింది ఈ దర్జీ కూతురే. "అలా కాదు పోస్టక్కా, చుట్టు తిప్పి కింద నుంచి లాగు" అంటూ చేతి మీద ఒక్కటి వేసేది. ఆదివారాలు అలా గడిచిపోయేవి.

శనివారాలు మాత్రం మిల్లు యజమానివి. దళానికి అధ్యక్షుడు ఆయనే. దళం కూడేది ఆయన ఇచ్చిన షెడ్డులోనే. "శనివారం మీకు ఉత్తరాల పని ఉంటుంది కదమ్మా, పిల్లల సేవా కార్యక్రమం నేను చూసుకుంటాను" అన్నాడు. ఆదివారం ఉదయం ఒక కాగితం తెచ్చేవాడు. చెట్లు నాటడం, రెండు గంటలు. రోడ్డు శుభ్రం చేయడం, మూడు గంటలు. చివర్లో ఆమె సంతకం పెట్టేది. అలా పదకొండు శనివారాలు.

మిల్లు యజమాని ఫోను మోగింది. ఆయన వరండాలోకి వెళ్లగానే పోస్టక్క పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"నాతో చెప్పు. ఎవరూ ఏమీ అనరు."

"మిల్లులో చెక్క పలకలు మోస్తున్నాం. దొంతర జారింది." పిల్ల గొంతు చాలా చిన్నగా ఉంది. "ప్రతి శనివారం మోస్తాం. అందరం. ఇంట్లో చెప్తే బ్యాడ్జీ రాదన్నారు. స్కౌట్లు గొణగకూడదు అన్నారు."

పోస్టక్క లేచి బయటికి నడిచింది. వరండాలో ఆయన "ఒక్క నిమిషమమ్మా" అంటున్నా ఆగలేదు. సైకిలెక్కి నేరుగా మిల్లుకు వెళ్లింది.

మిల్లు వెనక ఖాళీ స్థలంలో పలకలు నిలువెత్తు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. ఒక దొంతర కూలి చెల్లాచెదురుగా పడి ఉంది. దాని పక్కన నీలం స్కార్ఫు ఒకటి, దాని మీద బూటు అచ్చు. అక్కడ మేస్త్రీగా పనిచేసేది ఆమె మరిదే, చెల్లెలి మొగుడు. ఆమెను చూడగానే తల దించుకున్నాడు.

"నీకు తెలుసా?" అంది.

"వదినా..."

"తెలుసా లేదా?"

"నా కూతురు కూడా మోసింది వదినా. నేనే పక్కన నిలబడి మోయించాను. ఆయనకి ఎదురు చెప్తే రేపు నేనెక్కడికి పోను?"

కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. చెయ్యి కూడా లేచింది. అంతలో మిల్లు యజమాని కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, చెమట తుడుచుకుంటూ, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఆటల్లో ప్రమాదవశాత్తూ దెబ్బ తగిలిందని అప్పటికే రాసి ఉంది.

"ఇక్కడొక సంతకం పెట్టమ్మా. దళం పేరు చెడిపోతే నష్టం పిల్లలకే. వైద్యం సంగతి నేను చూసుకుంటాను."

"సేవ పేరు చెప్పి పిల్లల చేత మీ కూలీ పని చేయించుకున్నారు. వాళ్ల చేత అబద్ధం కూడా ఆడించారు. ఇప్పుడు నా చేత కూడానా?"

"ఇన్నాళ్లూ సంతకాలు పెట్టింది నువ్వే కదమ్మా." గొంతు మెత్తగానే ఉంది. "అడిగితే నిన్నూ అడుగుతారు."

"అడగనివ్వండి. నేనే వెళ్లి చెప్తాను."

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఆయన బూట్ల మీద పడేసింది. సైకిలెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రానికి చెల్లెలు ఊడిపడింది. గుమ్మం లోపలికి కూడా రాలేదు. "ఊరినుద్ధరించడానికి నా సంసారమే దొరికిందా అక్కా? మా ఆయన్ని రేపట్నుంచి పనిలోకి రావద్దన్నారు, తెలుసా?"

"నీ కూతురి చేత పలకలు మోయించిన చోటే అది."

"నా కూతురి సంగతి నేను చూసుకుంటాను!" అని చెల్లెలు వెనక్కి తిరిగింది. పోస్టక్క ఆపలేదు. తలుపు మాత్రం గట్టిగా వేసింది, గోడ మీది గడియారం ఊగేంతగా.

ఆదివారం తల్లిదండ్రులందర్నీ బడి వరండాలోకి పిలిచింది. జరిగింది ఒక్కటీ దాచకుండా చెప్పింది. తను పెట్టిన సంతకాల సంగతి కూడా చెప్పింది. దర్జీ లేచాడు. మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చాడు.

"పదకొండు వారాలు. ఒక్క శనివారమైనా వెళ్లి చూడలేదా మీరు?"

"లేదు."

"నా పిల్లని మీ చేతుల్లో పెట్టాను. ఆయన చేతుల్లో కాదు."

మిల్లు యజమాని మీద రగిలిన కోపం కంటే తన మీద తనకే వచ్చిన ఈ కోపం ఆమెను ఎక్కువగా కాల్చింది. దీన్ని విసిరికొట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆ వారమే తను రాసిన అర్జీ పట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్లింది. వాళ్లు వచ్చి పిల్లలందర్నీ విడివిడిగా అడిగారు. చెల్లెలి కూతురు మొదట చెప్పింది, తర్వాత మిగతావాళ్లు. మిల్లు యజమానిని అధ్యక్ష పదవి నుంచి తీసేశారు. మిల్లు మీద విచారణ మొదలైంది. చూడకుండా సంతకాలు పెట్టినందుకు పోస్టక్కకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని చదివి తీసుకుంది. షెడ్డుకు తాళం పడింది. మరిదికి పక్క ఊళ్లో పని దొరికింది గాని, చెల్లెలు ఇప్పటికీ వీధిలో ఎదురైతే ముఖం తిప్పుకుంటుంది.

దళం ఇప్పుడు బడి ఆవరణలో కూడుతుంది. పిల్లలు సగం మందే వస్తున్నారు. పోస్టక్క శనివారాల ఉత్తరాలు పంచే పనిని తోటి ఉద్యోగితో మార్చుకుంది. సేవంటే ఏదైనా సరే, ముందు తను వెళ్లి చూసి వచ్చాకే పిల్లల్ని కదలనిస్తుంది.

రెండు నెలలకు దర్జీ కూతురు వచ్చింది. చూపుడువేలు వంగదు. తాడు పట్టుకుని మూడుసార్లు ప్రయత్నించి, ముడి పడక, దాన్ని నేలకేసి కొట్టింది. "నా వల్ల కాదు! వాడి చేతులు విరిగిపోవాలి!" అని అరిచింది.

పిల్లని దించడానికి వచ్చిన ఒకామె "అలా అనకూడదమ్మా" అనబోతే పోస్టక్క కసిరింది. "అననివ్వండి."

పిల్ల అరిచి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఎడమచేత్తో మళ్లీ మొదలుపెట్టింది. గేటు బయట దర్జీ నిలబడి ఉన్నాడు. పోస్టక్కను పలకరించడు. పిల్ల ఇంటికి బయల్దేరే దాకా కదలడు. ఆమెకు అది తప్పనిపించలేదు. లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసింది. ఆయన కూర్చోలేదు.