పసుపు గుడ్డ మీది మంచు

కిరోసిన్ బండి మైకులో పిల్లల పాట పాడుకుంటూ కొండవాలు వీధి ఎక్కుతోంది. పదహారేళ్లుగా అదే పాట. బండి నడిపే షిగెజి చెవికి ఎక్కడం ఎప్పుడో మానేసింది. ప్రతి ఇంటి ముందూ దిగడం, మోకాలి లోతు మంచులో పెరటి వైపు నడవడం, ట్యాంకు నింపడం, హీటరు పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచు తవ్వి పారేయడం. ఆఖరి పనికి జీతం లేదు. జపాన్ ఉత్తరాన ఈ హొక్కైడో చలిలో పొగగొట్టం మూసుకుపోతే లోపలివాళ్లు తెల్లారి లేవరని తెలుసు కాబట్టి చేస్తాడు.

వీధి చివరి ఇల్లు కినుయొ మామ్మది. ఎనభై మూడేళ్లు, ఒంటరి మనిషి. ముందుజాగ్రత్తలో ఆమె తర్వాతే ఎవరైనా. గుమ్మంలోనే ఆపద సంచి: నీళ్లు, మందులు, కొవ్వొత్తులు, చేత్తో తిప్పే రేడియో. పక్కనే కరెంటు అక్కర్లేని పాత స్టవ్వు, దాని పక్కన పార.

"పారని ఇంట్లో పెట్టుకున్నావేంటి మామ్మా?" అని మొదట్లో నవ్వాడు.

"ఓరి తెలివితక్కువోడా! రాత్రికి రాత్రి మంచు తలుపుకి అడ్డం పడితే, బయటున్న పార వచ్చి తవ్వి పెడుతుందా?"

ఆ వీధిలో ఒంటరి ముసలివాళ్లంతా పొద్దున్నే గుమ్మం పక్క మేకుకి పసుపు గుడ్డ తగిలిస్తారు, బాగానే ఉన్నామని. చీకటి పడగానే లోపలికి తీసేస్తారు.

ఇవాళ మామ్మ గుడ్డ ఉంది. కానీ దాని మడతల్లో మంచు పేరుకుని ఉంది. మంచు కురవడం తెల్లవారకముందే ఆగిపోయింది. అంటే ఇది నిన్నటి గుడ్డ, రాత్రి లోపలికి తియ్యనేలేదు. షిగెజి గుమ్మం దగ్గరికి ఉరికాడు. తలుపు కొట్టబోయాడు.

ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. పోయిన చలికాలం గుడ్డ కనబడలేదని వీధంతా పోగేసి తాళం పగలగొట్టించాడు. మామ్మ స్నానాల తొట్టిలో ఉంది. "ఈసారి సబ్బు కూడా పట్టుకెళ్లరా షిగెజీ!" అని వీధి వారం రోజులు నవ్వింది. నవ్వు సరే, దులిపేసుకున్నాడు. మర్నాడు మామ్మ మిఠాయి పొట్లాలతో ఇంటింటికీ తిరిగి, ఇబ్బంది పెట్టానని నడుం వంచి క్షమాపణ చెప్పుకుంది. తన తప్పుకి ఆవిడ వంగుతుంటే అతనికి తల కొట్టేసినట్టయింది.

మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. ట్యాంకు నింపి, పొగగొట్టం తవ్వి, పాట పెద్దది చేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బండి ఖాళీ అయింది. ఇంటికి పోవలసినవాడు మళ్లీ కొండవాలు ఎక్కాడు. గుడ్డ అలాగే ఉంది. తలుపు తోస్తే చాలు, పక్కకి జరిగింది. మళ్లీ ఎవరికీ పగలగొట్టే శ్రమ ఉండకూడదని మామ్మ తాళం వెయ్యడమే మానేసింది. గుమ్మంలో, సంచి మీద చెయ్యి వేసి పడి ఉంది. లోపల హీటరు వెలుగుతూనే ఉంది.

అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఎవరైనా వచ్చేలోపు బయటికి వెళ్లి గుడ్డ మీది మంచు దులిపేశాడు, పొద్దున ఇది నీకు కనబడలేదా అని అడుగుతారేమోనని. దులుపుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు మాత్రం ఆగలేదు.

"పడిపోయింది నిన్న చీకటి పడేవేళ. ప్రాణం పోయింది మధ్యాహ్నం," అన్నాడు డాక్టరు.

సబ్బు పట్టుకెళ్లమన్న పక్కింటి ఒకుయామా ముందుకొచ్చి వంగాడు. "నిన్ను చూసి నవ్వాం, తప్పయిపోయింది. ఈ వీధిలో కళ్లున్నవాడివి నువ్వొక్కడివే నాయనా."

షిగెజి నోరు తెరిచాడు. పొద్దునే చూశానని చెప్పాలి. చెప్పలేక, తనూ వంగాడు.

అందరూ వెళ్లిపోయారు. చీకటి పడినా లోపలికి తీసేవాళ్లు లేక, పసుపు గుడ్డ మంచు రవ్వయినా లేకుండా మేకుకి వేలాడుతూ, బాగానే ఉన్నానని చెబుతోంది.