ఎండ మీద కూర్చున్న అత్తగారు

సోమవారం పొద్దున కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. గొట్టంలోనే గడ్డకట్టాయి. కోడలు కుళాయికి పాతగుడ్డ చుట్టి, కెటిల్లో మిగిలిన నీళ్ళు కాచి దాని మీద కొంచెం కొంచెం పోస్తూ నిలబడింది. పావుగంట నిలబడితే గాని ఆ మహానుభావుడు ఒక్క చుక్క విదల్చలేదు. ఈలోగా చేతితొడుగులు ఎక్కడని మొగుడు అడిగాడు. దువ్వెన ఎక్కడని ఆడపడుచు అడిగింది. టీ ఎందాకా వచ్చిందని అత్తగారు అడిగింది. ముగ్గురూ ఎవరి దుప్పట్లోంచి వాళ్ళే అడిగారు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలిసింది ఒక్క మనిషికే, ఆ మనిషి కుళాయి దగ్గరుంది.

చలికాలమన్నాక చలి ఉంటుంది, కాదనడానికి లేదు. కానీ ఆ వారం చలి మరీ అన్యాయం. మబ్బు కిందికి దిగి కిటికీలకి అడ్డంగా కూర్చుంది. సూర్యుడు పత్తా లేడు. ఇక ఇంటిల్లిపాదికీ దిక్కు ఎండముక్కే.

ఎండముక్కంటే వాళ్ళింట్లో ఉండే ఎండముక్క. అత్తగారు కాపురానికొచ్చిన ఏడాది వేసవిలో కిటికీలోంచి లోపలికొచ్చింది. సాయంత్రమయ్యాక తక్కిన ఎండతో పాటు వెళ్ళిపోవాలి కదా, వెళ్ళలేదు. అప్పట్నుంచీ ఆ ఇంటి నేల మీదే ఉంటోంది. వేసవిలో చాపంత అవుతుంది. అప్పుడు దాన్ని పట్టించుకునే నాథుడుండడు, పైగా కాళ్ళకి అడ్డమని విసుక్కుంటారు. చలి ముదిరేకొద్దీ చిక్కిపోతుంది. దానికి తోచిన గదికి పోతుంది, పిలిస్తే రాదు. ఎవరైనా దాంట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మాత్రం మర్యాదకి కదలకుండా ఉంటుంది. ఆ మర్యాదే కోడలి కొంప ముంచింది.

కోడలు పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. పెళ్ళయ్యాక నాలుగేళ్ళుగా వంటింట్లో ఒక మూల, గోడకీ బియ్యం డబ్బాకీ మధ్య కూర్చుని కాలేజీ పిల్లల రికార్డులు కుడుతోంది. పెద్ద లైబ్రరీలో బైండింగ్ మేస్త్రీ ముప్ఫై ఏళ్ళు చేసి ఈ నెలాఖరుకి దిగిపోతున్నాడు. ఆయన స్థానంలోకి మనిషి కావాలి. దరఖాస్తులూ సిఫారసులూ అక్కర్లేదు, సొంతంగా కట్టిన పుస్తకం ఒకటి శుక్రవారం పన్నెండు లోపల తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి, అంతే. ఉన్నది ఒకటే ఉద్యోగం. ఇప్పుడు పోతే మళ్ళీ ఇంకో ముప్ఫై ఏళ్ళకి. అప్పటికి కోడలికి అరవై దాటతాయి.

పుస్తకం కుట్టడం ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. వచ్చిన చిక్కల్లా ఆరబెట్టడంతోనే. మైదా జిగురు పుస్తకం వీపుకి ఒకసారి, అట్టకి ఒకసారి, లోపలి కాగితానికి ఒకసారి పుయ్యాలి, మూడుసార్లూ ఆరాలి. ఈ చలికి తడిగుడ్డే మూడు రోజులైనా ఆరట్లేదు, ఇక జిగురేం ఆరుతుంది? పొయ్యి దగ్గర పెడితే అట్ట వంకర్లు పోతుంది. నిదానంగా ఆర్చేది ఎండొక్కటే.

అందుకని సోమవారం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అడిగింది. రేపు పది నుంచి నాలుగు దాకా ఎండముక్కని నాకొదిలెయ్యండి, ఒక్క పూట, అంది. దానికేం భాగ్యం అన్నాడు మొగుడు. అలాగే వదినా అంది ఆడపడుచు. అత్తగారు తల ఊపింది. నిజంగానే ఊపింది, కోడలు చూసింది.

మంగళవారం పదింటికి పుస్తకం పట్టుకుని హాల్లోకొస్తే అత్తగారు మోకాళ్ళు రెండూ ఎండలో పెట్టుకుని కూర్చుంది. అప్పటికి ఎండముక్క దిండుగలీబంత ఉంది. రెండు మోకాళ్ళకి సరిగ్గా సరిపోయింది. ఐదు నిమిషాలమ్మాయ్, అంది. ఆ ఐదు నిమిషాలు పన్నెండున్నరదాకా సాగాయి. ఆవిడ లేచీ లేవకముందే మొగుడొచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏదో బిల్డింగులో లిఫ్టు గుంటలో నీళ్ళు చేరితే తోడి, మోకాలిదాకా తడిసి వచ్చాడు. సాక్సులూ తొడుగులూ ఎండలో పరిచి, అలా గోడకి జారగిలబడి నిద్రపోయాడు. అవి తీసి పక్కన పడేద్దామని కోడలు వంగింది. తీసేలోపు తలంటుకున్న ఆడపడుచు జుట్టంతా ముందుకేసుకుని వచ్చి బోర్లా పడుకుంది. మధ్యాహ్నం షిఫ్టుకి తడి తలతో పోతే జలుబు చేస్తుందట.

సాయంత్రానికి పుస్తకం తయారైంది, అంటే పాడవడానికి తయారైంది. వీపు జిగురు పచ్చిగానే ఉంది. అట్ట నాలుగు మూలలూ పైకి లేచి పడవలా తేలింది. కోడలు దాన్ని చేత్తో అదిమింది, వదిలింది, అది మళ్ళీ లేచింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోలేదు. ఒక పుస్తకానికి ఇంత రభసా, కావాలంటే ఇంకోటి కుట్టుకో, అన్నాడు మొగుడు. తిట్టాలని అనలేదు, ఓదారుద్దామనే అన్నాడు, అందుకే ఆమెకి ఇంకా కడుపు మండింది.

"మీ సాక్సులకున్న చోటు నా పుస్తకానికి లేదా?" అంది.

ఆయన సాక్సుల వంక చూశాడు. అవి శుభ్రంగా ఆరాయి. తీసి తొడుక్కున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

బుధవారం ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగి ప్రయోజనమేముంది? పొద్దున్నే మళ్ళీ కుట్టింది. మొగుడూ ఆడపడుచూ పనుల్లోకి పోయారు, అత్తగారు రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. ఇల్లు సద్దుమణిగాక చూస్తే ఎండముక్క మంచం కింద ఉంది. చలికి మరీ చిక్కిపోయి పళ్ళెమంత అయింది. ఆమె బోర్లా పడుకుని మంచం కిందికి దూరి, వీపు ఒకసారి, అట్ట ఒకసారి అక్కడే ఆర్చింది. మెడ పట్టేసింది, మోచేతులు గీరుకుపోయాయి. పోనీలే, అట్ట మాత్రం చదునుగా వచ్చింది. ఇక మిగిలింది లోపలి కాగితం.

మూలకెళ్ళి కూర్చుని పుస్తకం తెరిచిపెట్టి కాగితానికి జిగురు పూస్తోంది. ఏం తోచిందో ఏమో, ఎండముక్క దానంతటదే వంటింట్లోకొచ్చింది, బియ్యం డబ్బా చుట్టూ తిరిగి సరిగ్గా తెరిచిన పేజీ మీదికెక్కి కూర్చుంది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. కానీ బైండర్ల చేతులకి ఒక అలవాటుంటుంది. జిగురు పూసిన కాగితాన్ని ఆలస్యం చెయ్యకుండా మూసెయ్యాలి, మూసి బరువు పెట్టాలి, ఆరేదాకా తెరిచి చూడకూడదు. చిన్నప్పుడు తెరిచి చూసినందుకు వేళ్ళ మీద స్కేలు దెబ్బలు తిన్న చేతులవి. అవి ఆమెనడక్కుండా పుస్తకం టప్పున మూసేశాయి.

ఇంట్లో వెలుగు పోయింది. అటు గదిలోంచి అత్తగారు, ఎండేదమ్మాయ్, అని అడిగింది. కోడలు పుస్తకం వంక చూసింది. అంచుల్లో సన్నగా పసుప్పచ్చని గీత. చెయ్యి వేస్తే అట్ట వెచ్చగా ఉంది.

బరువుకి వాడే ఇటుకలు రెండూ మొగుడు గాలికి కొట్టుకోకుండా వెనక తలుపుకి అడ్డం పెట్టాడు. తీస్తే తలుపు ఊడొచ్చేలా ఉంది. ఇంకేం చేస్తుంది, పుస్తకం వంటింట్లో పొయ్యికి చేరువగా ఉన్న స్టీలు పెట్టె మీద పెట్టి తనే దాని మీద కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చిన వాళ్ళిద్దరికీ సంగతి తెలిసింది. తెరువు అన్నాడు మొగుడు. తెరిస్తే కాగితం ఊడి చేతికొస్తుంది, శుక్రవారం పొద్దుటిదాకా ఆగండి, అంది. ఒకరోజున్నర అన్నమాట. ఆ పూటకి ముగ్గురూ ముడుచుకుని పడుకున్నారు. ఆమె పుస్తకాన్ని తన వీపు కింద పెట్టుకుని పడుకుంది.

గురువారం ఇల్లు ఇల్లులా లేదు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి. నూనె గడ్డకట్టింది. గోడకి చెమ్మ పట్టి క్యాలెండరు ఊడి పడింది. కోడలు పెట్టె దిగకుండా అక్కడ్నుంచే చెయ్యి సాచి టీ కాచింది, అందినవి కడిగింది, అందనివి వదిలేసింది. నాలుగేళ్ళలో ఒక గిన్నె కడక్కుండా వదిలెయ్యడం ఇదే మొదలు. అందరూ అటూ ఇటూ తిరుగుతూ ఆమెనొక చూపు చూసిపోతున్నారు. ఆడపడుచుకి తుమ్ములు పట్టుకున్నాయి, తుమ్మినప్పుడల్లా వదిన వైపు తిరిగి తుమ్ముతోంది. కోడలికి తప్పు చేశానేమో అనిపించింది. ఆ వెంటనే, నేనేం తప్పు చేశానని ఒళ్ళు మండింది. రెండూ కలిసి తలనొప్పి తెప్పించాయి.

సాయంత్రం మొగుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"నీ ఒక్కదాని కోసం ఇంట్లో అందరం చావాలా? లే. ఇటియ్యి."

"ఇవ్వను."

"మర్యాదగా అడుగుతున్నాను."

కోడలు రెండు చేతులతో పెట్టె అంచులు పట్టుకుంది. కొంగు తల మీదుగా కప్పుకుని ఇంకాస్త బిగిసి కూర్చుంది. ఈ మనిషి లాక్కుంటే తను ఆపలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడొచ్చింది అత్తగారు, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ. కొడుకుని పక్కకి జరిపింది. "లేమ్మాయ్" అంది.

అయిపోయిందనుకుంది కోడలు. తల్లీకొడుకులు ఒకటయ్యాక ఇక మాట్లాడేదేముంది. లేచింది. అత్తగారు వెనక్కి తిరిగి, చీర సర్దుకుని, దబ్బున పుస్తకం మీద కూర్చుంది.

"నువ్వెళ్ళి వంట చూడు. నీకన్నా బరువు నాదే."

కూర్చున్న క్షణంలో ఆవిడ మొహం మారింది. కింద వెచ్చగా ఉంది మరి. నడుముదాకా ఎక్కింది వెచ్చదనం. కళ్ళు సగం మూసుకుంది. కోడలి కోసం కూర్చుందా, నడుం కోసం కూర్చుందా అంటే ఎవరు చెప్పగలరు, రెండూ అయ్యుండొచ్చు. అమ్మా నువ్వు కూడానా, అన్నాడు కొడుకు.

"ఆరాలంటోంది కదరా. ఆరనీ. చలేస్తే ఆ పొయ్యి దగ్గర స్టూలేసుకుని ఉల్లిపాయలు తరుగు. ఒంట్లో వేడి పుడుతుంది."

ఆయన తరిగాడు. పొద్దుపోయేదాకా అత్తగారు లేవలేదు. మధ్యలో కోడలు తన వంతుకి వస్తానంటే, నీకేం తెలియదు ఊరుకో, ఎత్తి పెడితే బిగువు పోతుంది, అంది. బైండింగు పని ఆవిడే కనిపెట్టినట్టు మాట్లాడింది.

శుక్రవారం పదకొండింటికి, కాగితం ఇంకా పచ్చిగా ఉందేమోనని పొద్దున కూడా తెరవని పుస్తకంతో, కోడలు లైబ్రరీ నేలమాళిగలో ఉంది. అక్కడ పరిస్థితి ఇంటికన్నా ఘోరం. పై అంతస్తులో గొట్టం పగిలి రెండు వందల పుస్తకాలు తడిసిపోయాయి, గుట్టలుగా పోసి ఉన్నాయి. ముసలి మేస్త్రీ కోటు మీద కోటు తొడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. ఆమెకన్నా ముందొచ్చిన ఆరుగురి పుస్తకాలూ బల్ల మీదున్నాయి, ఆరింటికీ అట్టలు పైకి లేచే ఉన్నాయి. చలి ఎవర్నీ వదల్లేదు.

మేస్త్రీ ఆమె పుస్తకం అందుకుని ముందు వీపు నొక్కి చూశాడు. కుట్టు మీద గోరు పెట్టి గీశాడు. బల్ల మీద పెట్టి వంగి, ఒక కన్ను మూసి అంచు వెంట చూశాడు. వంకర లేదు. కుట్టు ఎవరు నేర్పారని అడిగాడు, నాన్న అని చెప్పింది. తర్వాత అట్ట తెరిచాడు.

ఎండముక్క జారి బల్ల మీద పడింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒళ్ళు విరుచుకుని సాగింది, దిండుగలీబంత, తువ్వాలంత, చూస్తుండగానే చాపంత అయింది. బల్ల చివర తడిసిన గుట్ట దాకా పోయి ఆగింది. మేస్త్రీ లేచి తడి పుస్తకాలు నాలుగు తెచ్చి దాంట్లో నిలబెట్టి విప్పార్చాడు. మళ్ళీ నాలుగు తెచ్చాడు. ఆమె కూడా చెయ్యి వేసింది.

"సోమవారం ఎనిమిదింటికి రామ్మా" అన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక ఆమె తన పుస్తకం తెరిచి ఎండ పక్కన పెట్టి నిలబడింది. రా, ఇంటికి పోదాం, అంది మెల్లగా. అది కదల్లేదు. ముప్పావుగంట నిలబడింది. చివరికి ఉత్త పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరింది. ఉద్యోగం వచ్చిన మనిషి సంతోషంగా ఉండాలి కదా. దారి పొడుగునా ఇంట్లో ఏం చెప్పాలా అనే ఆలోచనే.

తలుపు తీసింది అత్తగారే. ముందు పుస్తకం మీద చెయ్యి వేసింది.

"చల్లబడిపోయిందేం?"

"అక్కడే ఉండిపోయింది అత్తయ్యా. ఎంత పిలిచినా రాలేదు."

అత్తగారు పుస్తకం మీద చెయ్యి తియ్యకుండా నిలబడింది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఎండతో కాపురం చేసిన మనిషి. మొగుడు పోయినప్పుడు దాంట్లోనే కూర్చుని ఏడ్చింది. తిడుతుందని కోడలు తల వంచుకుని ఎదురుచూసింది. తిడితే పడదామనే అనుకుంది.

"మరి ఉద్యోగం?"

"వచ్చింది. సోమవారం ఎనిమిదింటికి రమ్మన్నారు."

ఆవిడ పుస్తకం మీంచి చెయ్యి తీసింది. "అక్కడ కూర్చోడానికేమైనా ఉందా?" అని అడిగింది.

"మేస్త్రీది ఒక్క కుర్చీ ఉంది. నెలాఖరుదాకా ఆయనకే."

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లోపలికి నడిచింది. వంటింట్లో కొడుకు పొయ్యికి అంటుకుపోయి కూర్చుని ఉన్నాడు. ఆవిడ వంగి అతని కింద స్టూలు పట్టుకుంది.

"లేరా. సోమవారం నుంచి దీంతో నాకు పనుంది."